పద్యాల పీప

ఐదో తరగతిలో చేరిన రెండు నెలలకి నాకు జ్వరం వచ్చింది. వారం పాటు ఉండి పోయే జ్వరం కాదు. ముందు మోకాళ్లు వాచాయి, తరవాత మణికట్లు, ఆ తరవాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం. విజయవాడ గవర్నరుపేటలో ఒక డాక్టరుగారికి చూపించారు. ఆయన నా గుండె మీద చల్లటి గొట్టం పెట్టి చాలాసేపు విని, ఇది కీళ్లలోంచి గుండెకి పాకే జ్వరమని, మూడు వారాలకోసారి సూది వేయించాలని, ఏడాదిపాటు పరుగులూ మెట్లూ కూడదని చెప్పారు.

"మరి బడి?" అంది మా అమ్మ.

"బడి ఎక్కడికీ పోదమ్మా. ముందు పిల్లని చూసుకోండి," అన్నారాయన.

మా తరగతి మూడో అంతస్తులో ఉండేది. అంటే ఇక ఆ ఏడాదికి బడి లేనట్టే.

మేము ముస్లిములం. నేను అమ్మని అమ్మీ అనీ, నాన్నని అబ్బా అనీ పిలిచేదాన్ని. పటమటలో మేముండే వాటా పక్కనే ఒక పిన్నిగారు ఉండేవారు. కొత్తల్లో నేను "అబ్బా!" అని కేక వేసినప్పుడల్లా గోడ మీంచి తొంగిచూసి "ఎక్కడ తగిలిందే?" అని కంగారుగా అడిగేవారు. అబ్బా ఆటోనగర్‌లో లారీల బాడీలు కట్టే షెడ్డులో పెయింటరు. లారీల మీద నెమళ్లు, పువ్వులు, యజమానుల పేర్లు, ఊళ్ల పేర్లు, అన్నీ ఆయనే వేసేవాడు. అమ్మీ ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆమెది పామర్రు. అక్కడ పదో తరగతి దాకా చదివింది. టీచరు కావాలని ఉండేదట, ఈలోగా పెళ్లయింది.

జ్వరానికి పది రోజుల ముందే నన్ను క్లాసు లీడర్ని చేశారు. ఎర్ర ప్లాస్టిక్ బ్యాడ్జీ, మీద తెల్ల అక్షరాలు. ఆదివారం కూడా గౌను మీద పెట్టుకుని తిరిగాను. ఇక రానని తెలిశాక టీచరుగారు మా క్లాసు పిల్లని ఒకమ్మాయిని పంపారు. ఆ పిల్ల నాకు ద్రాక్షపళ్లు ఇచ్చి, ఎలా ఉందని అడిగి, కాసేపు అటూ ఇటూ చూసి, చివరికి సిగ్గుపడుతూ "బ్యాడ్జీ ఇమ్మన్నారు," అంది. ఇచ్చాను. ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా ఆగి అప్పుడు ఏడ్చాను. సూదులకి ఏడవనిదాన్ని దానికి ఏడ్చాను.

బడిలో పెద్ద టీచరుగారితో అమ్మీ మాట్లాడి వచ్చింది. ఇంటి దగ్గర చదివించి ఏప్రిల్లో పరీక్ష రాయిస్తే, పాసైతే ఆరో తరగతిలో కూర్చోబెడతామన్నారు. "నీకు పాఠాలు నేను చెప్తా," అంది అమ్మీ. కుట్టుమిషను పక్కనే నా మంచం వేసింది. మిషను చక్రం తిరుగుతుంటే పాఠం, అది ఆగితే ప్రశ్న.

మొదటి పదిహేను రోజులూ ఘోరం. ఆమె ప్రశ్న అడిగినప్పుడల్లా నా మోకాళ్లు నొప్పి పెట్టేవి. నిజానికి అప్పటికి వాపు తగ్గింది, కానీ నొప్పి అనేది నాకు బాగా ఉపయోగపడేది. పదమూడో ఎక్కం చెప్పమంటే మోకాలు. నదుల పేర్లంటే రెండో మోకాలు.

ఒక సాయంత్రం అబ్బా అన్నం తింటుంటే అమ్మీ అంది, "దీని బెంగ చదువు మీద కాదండీ, ఆ బ్యాడ్జీ మీద."

అబ్బా మజ్జిగ పోసుకుని తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఏం రాయాలో చీటీ రాసివ్వు," అన్నాడు.

మర్నాడు ఆయన జేబులోంచి కాగితంలో చుట్టిన గుండ్రటి రేకుముక్క ఒకటి బయటికి వచ్చింది. లారీ బాడీకి కొట్టగా మిగిలిన రేకు. అంచులు చేతికి గుచ్చుకోకుండా ఆకురాయితో అరగదీసి, పచ్చరంగు వేసి, మధ్యలో తెల్లగా "ఎక్కాల రాణి" అని రాశాడు. చుట్టూ చిన్న చిన్న పువ్వులు. వెనకాల పిన్నీసు అతికించాడు. ఇంకా టర్పెంటైన్ వాసన కొడుతోంది. చెయ్యి చాపాను.

అమ్మీ దాన్ని అందకుండా పైకి ఎత్తి పట్టుకుంది. "పదమూడు నించి ఇరవై దాకా," అంది.

నాలుగు రోజుల్లో అప్పజెప్పాను. ఆ నాలుగు రోజులూ మోకాళ్ల ఊసే లేదు.

ఇక వరస మొదలైంది. జాకెట్టు గుడ్డ మిగిలితే అమ్మీ దాన్ని మంచం పక్కన గోడకి వేలాడదీసింది. వచ్చిన బ్యాడ్జీ వచ్చినట్టు దానికి గుచ్చేవాళ్లం. చేతిరాతకి ఒకటి. కృష్ణానది ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడ తిరిగి మన బ్యారేజీ దాకా వస్తుందో పటం గీసినందుకు ఒకటి, దాని మీద అబ్బా సన్నటి కుంచెతో నీలం అలలు వేశాడు. గుడ్డ నిండుతున్న కొద్దీ నాకు ఆశ పెరిగింది. పక్కింటి పిన్నిగారు వస్తే ముందు నా ఆరోగ్యం కాకుండా గోడ చూపించేదాన్ని. "కలెక్టరుగారికి కూడా ఇన్ని లేవే!" అనేవారామె.

అంత ఆశ ఉన్నచోట బుద్ధి గడ్డి తినకుండా ఉంటుందా. లెక్కల పుస్తకం చివర జవాబులుంటాయని నాకు తెలుసు. భాగహారాల బ్యాడ్జీ కోసం ఇరవై లెక్కలు ఒక్క పూటలో చేసి ఇచ్చాను. అమ్మీ మిషను ఆపి నోటు చూసింది. జవాబులన్నీ సరిగ్గా ఉన్నాయి, పైన చేసిన లెక్కకీ కింది జవాబుకీ మాత్రం పొంతన లేదు. ఆమె కోప్పడితే బాగుండేది. నోటు నా ఒళ్లో పెట్టి, "ఈ ఏడో లెక్క నాకు అర్థం కాలేదు, చెప్పవే," అంది. నేను చెప్పలేకపోయాను. నా చెవులు కాలిపోయాయి.

అబ్బా అప్పటికే ఆ బ్యాడ్జీ వేసి తెచ్చాడు. అమ్మీ దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టింది, నాకు కనిపించేలా. ఆ రోజు నుంచి కొత్త పద్ధతి పెట్టింది. ఏదైనా నేర్చుకుంటే దాన్ని సాయంత్రం అబ్బాకి చెప్పాలి. ఆయనకి అర్థమైతేనే బ్యాడ్జీ.

ఇది తేలిక అనుకున్నాను. అబ్బా దేనికైనా తలూపే మనిషి. కానీ పరీక్షాధికారిని చేసేసరికి ఆయనకి ఎక్కడ లేని పట్టుదల వచ్చింది. పగలూ రాత్రీ ఎలా వస్తాయో ఒక జామకాయ, ఒక టార్చిలైటు పెట్టి చెప్పాను. ఆయన మంచం పట్టె మీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు.

"భూమి ఇట్టా తిరుగుతా ఉంటుందన్నమాట."

"అవును."

"మరి కింద వైపున్నవాళ్లు పడిపోరా?"

నేను జామకాయ కింద వైపు చూశాను. అమ్మీ వైపు చూశాను. అమ్మీ సూదిలో దారం ఎక్కించడంలో మునిగిపోయింది.

"నాకైతే అర్థం కాలేదమ్మా," అన్నాడు అబ్బా, చాలా విచారంగా. బ్యాడ్జీ ఆయన జేబులోకే వెళ్లిపోయింది. మూడు రోజుల తరవాత, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒక సైన్సు టీచరుగారిని పట్టుకుని అమ్మీ, నేనూ ఇద్దరం ఆ సంగతి అడిగి తెలుసుకున్నాం. కొలతలు తీసుకోవడం కంటే దానికే ఎక్కువసేపు పట్టింది. ఆ సాయంత్రం అబ్బా తృప్తిగా తలూపాడు. భాగహారాల బ్యాడ్జీ కూడా ఆ వారమే బియ్యం డబ్బా మీంచి గోడకి చేరింది. ఏడో లెక్క ఆయనకి ఐదుసార్లు చెప్పాల్సొచ్చింది.

ఆ తరవాత పద్యాలు. తెలుగు వాచకంలో పద్యాలన్నీ అర్థాలతో సహా అబ్బాకి అప్పజెప్పాను. ఆయనకి పద్యమంటే మహా ఇష్టం. రాగం తీస్తే కళ్లు మూసుకునేవాడు. "పద్యాల పాప" అని అమ్మీ చీటీ రాసి ఆయన చొక్కా జేబులో పెట్టింది.

మర్నాడు సైకిలు స్టాండు వేస్తూనే కాగితం పొట్లం నా చేతికిచ్చాడు. పసుపు మీద నీలం అక్షరాలు, చుట్టూ మల్లెతీగ. అప్పటిదాకా వేసినవాటన్నిటిలోకి అందమైనది. దాని మీద "పద్యాల పీప" అని ఉంది.

నాకు నవ్వు ఆగలేదు. "పీపంట! నేను పీపనంట!" అని మంచం మీద దొర్లాను. నేను నవ్వుతున్నానని అబ్బా కూడా నవ్వాడు.

"బాగుందా?"

"ఏం రాశావో చూడు అబ్బా!"

ఆయన చూశాడు. తిప్పి చూశాడు. వాకిట్లో వెలుతురుకి పట్టుకుని చూశాడు. "నీలం కాస్త ముదిరిందా?" అన్నాడు.

"రంగు కాదు. చదువు."

ఆయన చదవలేదు. మిషను ఆగిపోయింది.

"అబ్బా, నీకు చదవడం రాదా?"

వెక్కిరించాలని అనలేదు. నిజంగానే నాకు నమ్మకం కలగలేదు. బందరు రోడ్డు మీద వెళ్లే లారీల్లో సగం వాటి మీద ఉన్నది ఆయన రాతే.

"అరబ్బీ అక్షరాలు వచ్చమ్మా, చిన్నప్పుడు మసీదులో నేర్పారు. తెలుగు రాదు," అన్నాడు మామూలుగా. "చీటీ చూసి వేస్తాను, అంతే. లారీ మీద నెమలిని వేస్తాను గదా, నెమలి మాట్లాడేది నాకు తెలుసా?"

అమ్మీ లేచి వచ్చి ఆయన జేబులోంచి చీటీ తీసింది. "పాప" అన్నచోట మొదటి అక్షరం మీద రంగు చుక్క పడి ఆరిపోయి ఉంది. దాంతో పా మీది దీర్ఘం కాస్తా పీ లాగా గుండ్రంగా కనిపిస్తోంది.

"ఉన్నది ఉన్నట్టు దించాను," అన్నాడు అబ్బా.

అమ్మీకి పెళ్లయిన వారానికే ఈ సంగతి తెలిసిందట. ఎవరూ దాచలేదు, నేనే ఎప్పుడూ అడగలేదు. కానీ ఆ పూట నేను నవ్విన నవ్వు నాకే బాగోలేదు.

పొద్దున్నే పనికి వెళ్తూ నా మంచం దగ్గరికి వచ్చాడు. "ఆ బ్యాడ్జీ ఇవ్వు, దిద్దుకొస్తా."

"ఇవ్వను. నాకిదే కావాలి," అన్నాను. అప్పటికే గౌనుకి పెట్టుకున్నాను. "నీకు నేను చదవడం నేర్పుతా. వస్తే నీకూ బ్యాడ్జీ."

ఆయన సైకిలు హ్యాండిల్ పట్టుకుని నిలబడిపోయాడు. "నా బ్యాడ్జీ నేనే వేసుకుని నేనే పెట్టుకోవాలా?"

"ఎవరు వేస్తారో నీకెందుకు?" అంది లోపల్నుంచి అమ్మీ.

అట్లా సాయంత్రాలు నేను టీచర్నయ్యాను. విచిత్రమేమిటంటే, నేర్పడానికి అక్షరాలేమీ లేవు. ఆయన పలక మీద అ రాస్తే మా బడిలో బోర్డు మీద టీచరుగారు రాసినదాని కంటే అందంగా ఉండేది. యాభై ఆరూ ఆయన చేతిలో ఉన్నాయి. వాటి చప్పుడే తెలియదు. ఆయన వాటికి సొంత పేర్లు పెట్టుకున్నాడు. జ అంటే బాతు. ఠ అంటే బొట్టు సున్నా. అక్షరం కింద ఒత్తుంటే "దీనికి పిల్ల ఉంది" అనేవాడు. షెడ్డులో పక్కనున్న పెయింటరుతో కూడా "ఆ బాతు తల కొంచెం వంచు" అని చెబుతాడట. నేను బాతుని జ చెయ్యాలి, బొట్టు సున్నాని ఠ చెయ్యాలి. పిల్లలకి పేర్లు పెట్టాలి.

మూడో వారంలో ఒక రోజు ఆయన్ని తనకి బాగా అలవాటైన మాట ఏదైనా రాయమన్నాను. ఆలోచించకుండా పలక నిండా ఒక మాట రాశాడు.

"ఇది చాలా లారీల మీద వేశాను. కింద వరసలో వస్తుంది."

"చదువు."

వేలు పెట్టుకుని మొదలుపెట్టాడు. "పా... మ..." అక్కడ ఆగి, "దీనికి పిల్ల ఉంది," అన్నాడు. "ర... ర్రు." మళ్లీ మొదటికొచ్చాడు. "పామ... పామర్రు."

తలెత్తి అమ్మీని చూశాడు. "ఇది మీ ఊరా?"

"మా ఊరేనండి," అంది అమ్మీ.

"పెళ్లికి ముందు నుంచీ రాస్తున్నాను దీన్ని," అన్నాడు అబ్బా. పామర్రు చుట్టుపక్కల వడ్లు తోలే లారీలన్నీ వాళ్ల షెడ్డుకే వచ్చేవి. ఆయన పలక చేతిలో పట్టుకుని చాలాసేపు ఆ మాటనే చూశాడు. అమ్మీ ఏదో వెతుకుతున్నట్టు పెట్టెవైపు తిరిగింది.

అన్ని రోజులూ అంత బాగా గడవలేదు. గుణింతాలు దాటి వాక్యాల్లోకి వచ్చాక ఆయనకి విసుగొచ్చింది. చదవమంటే కళ్లు మండుతున్నాయనేవాడు. రోజంతా రంగుల దగ్గర పని, నిజమే కావచ్చు. కానీ కుంచె పట్టుకుంటే మాత్రం ఏ మంటా ఉండేది కాదు. "కూతురికి మోకాళ్లు, తండ్రికి కళ్లు. ఇద్దరిదీ ఒకటే జబ్బు," అని అమ్మీ తేల్చేసింది. ఆ మాటకి ఆయన నవ్వి మళ్లీ వాచకం తెరిచాడు.

ఆయన బ్యాడ్జీ మేమిద్దరం దొంగతనంగా చేశాం. బిస్కెట్ల డబ్బా మూత కత్తిరించి, ఆయన ఇంట్లో ఉంచిన ఎర్రరంగు చిన్న డబ్బాలోంచి తీసి, నేను "చదువరి" అని రాశాను. ఎనామిల్ రంగుతో రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. రి గుడి మీంచి రంగు కారి అంచు దాకా వచ్చింది. తుడిస్తే ఇంకా పాడవుతుందని అమ్మీ అట్లాగే ఆరబెట్టింది.

ఫిబ్రవరిలో పామర్రులో మామయ్యకి కొడుకు పుట్టాడని కబురొచ్చింది. డాక్టరుగారు నేను ప్రయాణం చెయ్యొచ్చన్నారు. ముగ్గురం బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడ్డాం. మామూలుగా అయితే అబ్బా పక్కవాళ్లని "ఇది బందరు బస్సేనాండీ?" అని అడిగేవాడు. ఆ రోజు ఎవర్నీ అడగలేదు. మొదటి బస్సు బోర్డు ఆయన సగం చదివేలోగా వెళ్లిపోయింది. రెండోది ముప్పావు వంతు దగ్గర కదిలింది.

"నాకు చదవడం వచ్చండీ," అంది అమ్మీ, ఎండకి కొంగు కప్పుకుని.

"నువ్వాగు."

మూడో బస్సు డ్రైవరు ఎవరితోనో మాట్లాడుతూ కాసేపు ఆపాడు. "మచి... లీ... పట్నం. వయా పామర్రు. ఎక్కండెక్కండి!" అని అబ్బా మమ్మల్ని దాదాపు తోసేశాడు.

కిటికీ పక్కన కూర్చున్నది మొదలు బోర్డులన్నీ పైకే చదవడం మొదలుపెట్టాడు. ఎరువులు, పురుగుమందులు. సిమెంటు, ఇనుము. ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును. బస్సు వేగంగా పోతే సగం సగం మాటలే దక్కేవి. కంకిపాడు దాటేసరికి జనం వెనక్కి తిరిగి చూస్తున్నారు. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. మా ముందు సీట్లో విజయవాడలో చేపలు అమ్ముకుని ఖాళీ గంపలతో బందరు వెళ్తున్న ఒకామె కూర్చుంది.

"ఏందయ్యా, బోర్డులన్నీ నువ్వే రాసినట్టు చదువుతున్నావు?" అంది.

"రాయడం ఎప్పుడో వచ్చండీ. చదవడమే ఇప్పుడు నేర్చుకుంటున్నా," అన్నాడు అబ్బా.

ఆమె ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూసి, బొడ్లో దోపిన సంచిలోంచి మడతలు పడిన శుభలేఖ తీసింది. "అయితే ఇది చూసి పెట్టు. మా ఆడబిడ్డ కూతురి పెళ్లి. బుధవారమని మా ఆయన, గురువారమని నేను. ఇంట్లో రెండు రోజుల్నుంచి ఇదే గొడవ."

నేను చెయ్యి చాపబోయాను. అమ్మీ నా చెయ్యి పట్టుకుంది.

అబ్బా శుభలేఖ ఒళ్లో పెట్టుకున్నాడు. వేలు పెట్టి పై నుంచి మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు పేరు దగ్గర చెమట పట్టింది. పెళ్లికూతురి పేరులో ఒత్తుకి కింద ఇంకో ఒత్తు ఉంది, దాన్ని ఎలాగో దాటాడు. ఆమె తొందరపెట్టలేదు. ఉయ్యూరు చక్కెర మిల్లు వాసన బస్సంతా నిండింది. చివరికి ఆ వరస దగ్గరికి వచ్చాడు.

"గు... రు... గురువారం."

"నే చెప్పలా!" అని ఆమె సీటు మీద చరిచింది. "నే చెప్పలా గురువారమని! సల్లగా ఉండయ్యా!" వెనక సీట్లోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. అబ్బా శుభలేఖ జాగ్రత్తగా ఉన్న మడతల్లోనే మడిచి ఇచ్చేశాడు.

అమ్మీ సంచిలోంచి చేతిరుమాలు తీసింది. మూట విప్పి, కారిపోయిన రంగుతో ఉన్న ఆ రేకు బ్యాడ్జీని, అందరూ చూస్తుండగా ఆయన చొక్కాకి గుచ్చింది. ఆయన తల వంచి, తలకిందులుగా కనిపిస్తున్న అక్షరాల్ని కూడబలుక్కుని చదివాడు.

"రి గుడి కారిపోయిందే," అన్నాడు. కానీ తియ్యలేదు. పామర్రులో ఉన్న మూడు రోజులూ ఉతికిన చొక్కా మార్చుకున్నప్పుడల్లా దానికి మార్చుకున్నాడు.

ఏప్రిల్లో నేను పరీక్ష రాశాను. నా కోసం కింది గదిలో బల్ల వేయించారు. తెలుగులో బాగా వచ్చాయి, లెక్కల్లో గట్టెక్కాను. జూన్‌లో డాక్టరుగారు మెట్లు నెమ్మదిగా ఎక్కమన్నారు. బడిలో మొదట్లో నాకు చాలా వెలితిగా ఉండేది. పాఠం అప్పజెబితే టీచరుగారు "కూర్చో" అనేవారు, అంతే. ఇంటికొచ్చి అమ్మీతో చెప్పుకుంటే, ఆరో తరగతి మొదటి కొన్ని నెలలూ అప్పుడొకటి ఇప్పుడొకటి బ్యాడ్జీలు వచ్చాయి. తరవాత ఎప్పుడు ఆగిపోయాయో నాకు గుర్తు లేదు. నేను అడగడం మానేశాను, వాళ్లు వెయ్యడం మానేశారు. సాయంత్రం అబ్బాకి పాఠం చెప్పడం మాత్రం పదో తరగతి దాకా సాగింది. ఆయన ప్రశ్నలకి భయపడి నేను ముందే రెండుసార్లు చదువుకునేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటాక ఆటోనగర్‌లోకి రేడియం స్టిక్కర్లు కోసే కంప్యూటర్లు వచ్చాయి. కుంచె పని తగ్గింది. షెడ్డు యజమాని అబ్బాని పంపెయ్యలేదు. కంప్యూటరు మీద కూర్చునే కుర్రాళ్లు కొట్టిన తెలుగు లారీకి అతికించే ముందు ఆయనకి చూపించాలని నియమం పెట్టాడు. ఎక్కడ ఒత్తు పోయిందో, ఎక్కడ దీర్ఘం ఎక్కువైందో ఆయనే చెప్పేవాడు. అక్షరం వంకర బాగోలేకపోతే అది కూడా చెప్పేవాడు, ఎవరూ అడక్కపోయినా.

ఇంట్లో మాత్రం అమ్మీకి ఒక కష్టం మిగిలిపోయింది. పొద్దున్న పేపరు రాగానే అబ్బా గుమ్మంలో కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, వర్షాలు, ధరలు, పెళ్లి సంబంధాలు, అన్నీ బిగ్గరగా చదివేవాడు. గోడ అవతల పిన్నిగారు పేపరు తెప్పించుకోవడం మానేశారు.

"మనసులో చదువుకోవచ్చు గదండీ," అంది అమ్మీ ఒకరోజు, టీ గ్లాసు పక్కన పెడుతూ.

"మనసులో చదివితే నాకు వినపడదు," అన్నాడు అబ్బా, పేజీ తిప్పుతూ.